ఏసీ ఆగిన నెలల్లో కొండదారి

సౌదీలో మన ఇళ్లకు చలికాలం వచ్చిందని క్యాలెండరు చెప్పదు, ఏసీ చెబుతుంది. ఏడెనిమిది నెలలుగా చెవిలో మోగుతున్న హోరు ఒక రాత్రి ఆగిపోతుంది. మర్నాడు బాల్కనీ తలుపు తీస్తే చల్లటి గాలి. అప్పటినుంచి ఇంచుమించు ఫిబ్రవరి చివరిదాకా ఈ దేశంలో పగటిపూట హాయిగా బయట తిరగొచ్చు. ఆ నాలుగు నెలల్లో మనలో చాలామంది చేసే పని మాత్రం పాతదే. గురువారం రాత్రి మాల్, శుక్రవారం ఎవరో ఒకరింట్లో బిర్యానీ, శనివారం పిల్లల హోంవర్కు.

ఇక్కడ పదిహేను, ఇరవై ఏళ్లు కాపురం చేసి ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్లిపోయిన కుటుంబాలు మనందరికీ తెలుసు. 2017లో డిపెండెంట్ల మీద నెలనెలా రుసుము మొదలైంది. తలకు 100 రియాళ్లతో మొదలై ఏటా పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. ఆ లెక్కలు చూసుకుని ఎంతోమంది భార్యాపిల్లల్ని ఇంటికి పంపేశారు. అలా వెళ్లినవాళ్లని "సౌదీ ఎలా ఉంటుంది?" అని అడిగితే ఫ్లాటు, స్కూలు, హైపర్ మార్కెట్ గురించి చెప్పగలరు. ఈ దేశానికి కొండలున్నాయనీ, ఆ కొండలు సముద్రంలోకి దిగుతాయనీ, వాటి మధ్య ఖర్జూర చెట్ల నీడలో నీళ్లు పారుతుంటాయనీ చాలామందికి తెలియకుండానే పెట్టెలు కట్టేసుకున్నారు. చూడటానికి వీలున్న రోజుల్లో చూడండి అని చెప్పడానికే ఈ వ్యాసం.

పటంలో ఎడమచేతి పైమూల

సౌదీ పటం తీసుకుని ఎడమ పక్క పైమూల చూడండి. ఎర్రసముద్రం అక్కడ రెండు కొమ్ములుగా చీలుతుంది. కుడివైపు కొమ్మే అకబా సింధుశాఖ. పొడవు సుమారు 160 కిలోమీటర్లు, వెడల్పు ఎక్కడా పాతిక కిలోమీటర్లు మించదు. లోతు మాత్రం కొన్నిచోట్ల 1,800 మీటర్ల పైమాటే. ఇటు ఒడ్డున సౌదీ, అటు ఒడ్డున ఈజిప్టు వారి సినాయ్, పైకొసన జోర్డాన్, ఇజ్రాయెల్. హక్ల్ ఊరి బీచ్‌లో నిలబడితే ఎదురుగా సినాయ్ కొండలు కళ్లద్దాలు లేకుండానే కనిపిస్తాయి.

తెలుగు నేల మీద కొండా సముద్రమూ ఇంత దగ్గరగా కలిసే చోటు అనగానే విశాఖపట్నం గుర్తొస్తుంది. యారాడ కొండా, డాల్ఫిన్స్ నోస్ అలలకు ఎదురు నిలబడినట్టే ఇక్కడా కొండలు నిలబడతాయి. విశాఖ కొండలది ఖొండలైట్ రాయి, పైన పచ్చదనం కప్పుకుని ఉంటుంది. ఇక్కడిది ఎక్కువగా గ్రానైటు. ఒంటిమీద గడ్డిపరక లేకుండా ఎరుపు, బూడిద, గులాబీ రంగుల్లో ఉంటుంది. అందుకే మొదటిసారి చూసినవాళ్లకు కాస్త భయం వేస్తుంది. కొంతసేపు నడిచాక రాళ్లలో రంగుచారలు, పగుళ్లలో పొదలు, ఆ పొదల్లో పిట్టలు ఒక్కొక్కటిగా కంటికి ఆనతాయి.

ఈ కొండలకూ లోతుకూ కారణం ఒకటే. అరేబియా ఫలకం ఇక్కడ సినాయ్‌తో ఒరుసుకుంటూ ఉత్తరానికి జరుగుతోంది. ఆ ఒరిపిడిలో తెరుచుకున్న చీలికే ఈ సింధుశాఖ. 1995 నవంబరు 22న ఇక్కడ రిక్టర్ స్కేలు మీద 7 దాటిన భూకంపం వచ్చింది. మనం నడిచే లోయ గోడలు అంత నిటారుగా నిలబడటం వెనక ఇంకా ఆగని ఈ కదలిక ఉంది.

మచిలీపట్నం బట్టకు తెలిసిన దారి

ఈ తీరాన్ని ఆనుకుని ఉన్న ప్రాంతాన్ని పూర్వం మిద్యాన్ అనేవారు. అల్ బద్ ఊళ్లో కొండను తొలిచి చేసిన నబాతియన్ల సమాధులున్నాయి. అల్ ఉలాలో ఫోటోలు దిగివచ్చిన వాళ్లకు ఆ శిల్పం పోలిక వెంటనే తెలుస్తుంది. ఆ చోటును షుఐబ్ ప్రవక్తతో ముడిపెట్టి చెప్పుకుంటారు. దగ్గర్లోని మక్నాలో ఊటలున్నాయి. అవి మోషే ఊటలని స్థానికుల నమ్మకం. ఈజిప్టు నుంచి మక్కాకు కాలినడకనా ఒంటెల మీదా వెళ్లే హజ్ యాత్రికుల దారి హక్ల్, అల్ బద్, ఐనూనా, మువైలిహ్ మీదుగానే సాగేది.

మనకు మరింత దగ్గర సంగతి ఇంకోటి ఉంది. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ఓడదారి పుస్తకం 'పెరిప్లస్ ఆఫ్ ది ఎరిత్రియన్ సీ'లో ఈ తీరంలోని లూకే కోమె అనే రేవు ప్రస్తావన వస్తుంది. వచ్చిన సరుకులో నాలుగో వంతు సుంకంగా వసూలు చేసే అధికారి అక్కడ ఉండేవాడట. ఆ రేవు ఐనూనాయే కావచ్చని కొందరు పరిశోధకులంటారు, అల్ వజ్హ్ అని ఇంకొందరంటారు. అదే పుస్తకంలో తూర్పున మసాలియా అనే దేశం గురించీ ఉంది. అక్కడ సన్నటి నూలుబట్ట విస్తారంగా నేస్తారని రాశాడు. మసాలియా అంటే మన కృష్ణా తీరం, మచిలీపట్నం వైపు. మనం ఉద్యోగాల కోసం ఈ దేశం రావడానికి రెండు వేల ఏళ్ల ముందే ఒకే పుస్తకంలో ఈ రెండు తీరాలూ చోటు చేసుకున్నాయన్నమాట.

1877-78లో ఇంగ్లీషు యాత్రికుడు రిచర్డ్ బర్టన్ ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ పంపగా బంగారం వెతుక్కుంటూ ఈ కొండల్లో తిరిగాడు. ఖజానా నింపేంత బంగారం దొరకలేదు కానీ, ఆ తిరుగుడు మీద పుస్తకాలు మాత్రం వచ్చాయి.

ఎక్కడ నడవాలి?

అన్ని దారులూ అందరికీ కాదు. తేలిక నుంచి కష్టం వైపు చెబుతాను.

మొదటిది తీరం వెంబడి నడక. హక్ల్‌కు దక్షిణంగా ఒడ్డుకు దగ్గర్లో జార్జియోస్ జి అనే సరుకుల ఓడ సగం మునిగి తుప్పు పట్టి కనిపిస్తుంది. 1978లో పగడపు దిబ్బ మీద చిక్కుకుంది. అందరూ దాన్ని సౌదీ టైటానిక్ అంటారు. ఇంకా కిందికి, సింధుశాఖ ముఖద్వారం దగ్గర, రాస్ షేక్ హుమైద్ ఇసుకలో పాత కాటలీనా విమానం డొల్ల ఒకటి ఉంది. థామస్ కెండల్ అనే అమెరికన్ వ్యాపారి 1960లో పిల్లాపాపలతో ప్రపంచయాత్ర చేస్తూ నీళ్లమీద దిగే ఆ విమానాన్ని అక్కడ ఆపాడు. ఎవరో శత్రువులనుకుని స్థానికులు కాల్పులు జరిపారు. కుటుంబం ప్రాణాలతో బయటపడి, కొన్నాళ్లు నిర్బంధంలో ఉండి విడుదలైంది. విమానం మాత్రం అక్కడే మిగిలింది. పిల్లలకు కథ చెబుతూ నడిపించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఎత్తులు లేవు, మోకాళ్లకు ఇబ్బంది లేదు. గాలి ఎక్కువ, అంతే.

రెండోది వాదీ దీసా. తబూక్‌కు నైరుతి దిక్కున ఉంది. సరిగ్గా సముద్రం ఒడ్డున కాదు, తీరానికీ ఎడారికీ మధ్య కొండల్లో ఉంది. ఇసుకరాతి గోడలు స్తంభాల్లా లేచి ఉంటాయి. అడుగున రెల్లు, ఖర్జూరాలు, సన్నటి ఏటిధార. సుమారు 15 కిలోమీటర్ల లోయ. మొత్తం నడవక్కర్లేదు, ఓపిక ఉన్నంత దూరం వెళ్లి తిరిగి రావచ్చు. ఊరివాళ్లు ఫోర్‌వీల్ బళ్లలో లోపలికి తీసుకెళ్తారు. పెద్దవాళ్లను బండిలో పంపి మిగతావాళ్లు నడిచి ఖర్జూర చెట్ల కింద కలుసుకోవచ్చు. కుటుంబంతో మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇదే.

మూడోది తయ్యిబ్ ఇస్మ్. అరబ్బీలో 'మంచి పేరుగలది' అని అర్థం. మక్నాకు ఉత్తరంగా తీరం వెంబడి సుమారు 15 కిలోమీటర్లు వెళ్తే గ్రానైటు కొండ నడిమికి చీలి సముద్రానికి దారి ఇచ్చినట్టు ఉంటుంది. ఒకపక్క నీలం నీళ్లు, ఇంకోపక్క తలెత్తితే మెడ పట్టేసేంత గోడలు. లోపలికి పోయేకొద్దీ లోయ ఇరుకవుతుంది. కింద ఏడాది పొడవునా సన్నటి ధార, దాని మీద ఆధారపడ్డ ఖర్జూరాలు. అకబా తీరంలో నడక అంటే తెలిసినవాళ్లంతా ముందు చెప్పే పేరు ఇదే. కానీ ఇది సరిహద్దు తీరం. కోస్ట్ గార్డు చౌకీలుంటాయి, ఇకామా చూపించాలి. ఇప్పుడు ఈ ప్రాంతమంతా నియోమ్ పరిధిలోకి వచ్చింది. దారులు ఒకసారి తెరిచి ఉంటాయి, ఇంకోసారి మూసేస్తారు. తబూక్‌లో తెలిసిన గైడునో, అక్కడి టూర్ కంపెనీనో ఆ వారమే కనుక్కుని బయలుదేరండి. మూసి ఉందంటే మూసి ఉన్నట్టే. పక్కదారి వెతకొద్దు.

నాలుగోది చూసి ఆనందించాల్సింది. జబల్ అల్ లౌజ్ అంటే బాదం కొండ, ఎత్తు 2,500 మీటర్ల పైన. కొన్ని చలికాలాల్లో దానిమీద మంచు పడుతుంది. సౌదీలో మంచు అంటే ఊళ్లో అమ్మమ్మలు నమ్మరు, ఫోటో పంపాల్సిందే. 2022లో ప్రకటించిన త్రోజెనా పర్వత విహార ప్రాజెక్టు కూడా ఈ కొండల్లోదే కాబట్టి ఎక్కడిదాకా వెళ్లనిస్తారో ముందే తెలుసుకోవాలి.

రియాద్, దమ్మామ్ వాళ్లకు తబూక్ దాకా విమానం, అక్కడి నుంచి అద్దె కారు మేలు. జెద్దా వాళ్లు యాన్బూ, ఉమ్లుజ్, అల్ వజ్హ్ మీదుగా దుబా దాకా ఎర్రసముద్రం పక్కనే రావచ్చు. దాదాపు 800 కిలోమీటర్లు, మధ్యలో ఒక రాత్రి ఆగాలి. చీకటి పడ్డాక బండి నడపకండి. రోడ్డు మీదికి వచ్చే ఒంటె నల్లటి తారు మీద కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. 2023 నుంచి గల్ఫ్ దేశాల్లో నివాసముంటున్న వాళ్లకు సౌదీ ఈ-వీసా ఇస్తోంది కనుక దుబాయ్, కువైట్, దోహాల్లో ఉన్న అక్కచెల్లెళ్లను కూడా పిలవొచ్చు.

ఆడవాళ్లం కలిసి వెళ్లొచ్చా?

మన అమ్మలు "అక్కడ ఆడవాళ్లు బయటికి రాకూడదట కదా" అని ఇప్పటికీ ఫోన్‌లో అడుగుతారు. వాళ్లు విన్న సౌదీ వేరు. 2018 జూన్ 24 నుంచి ఇక్కడ ఆడవాళ్లు కారు నడుపుతున్నారు. 2019లో 21 ఏళ్లు నిండిన సౌదీ మహిళలు సంరక్షకుడి అనుమతి లేకుండా పాస్‌పోర్టు తీసుకోవచ్చనే మార్పు వచ్చింది. అదే ఏడాది టూరిస్టు వీసా మొదలైంది, ఆడవాళ్లు సొంతంగా హోటల్ గది తీసుకునే వీలూ వచ్చింది. సౌదీ క్లైంబింగ్ అండ్ హైకింగ్ ఫెడరేషన్ అని ఒక జాతీయ సంస్థ ఉంది. వారాంతాల్లో కొండలెక్కే బృందాల్లో సౌదీ అమ్మాయిలు తరచు కనిపిస్తారు.

వాళ్లకు ముందు నడిచిన మనిషి రహా మొహర్రక్. జెద్దా అమ్మాయి. 2013 మే 18న ఎవరెస్టు ఎక్కిన తొలి సౌదీ మహిళ. ఏడాది దాటిన వారానికి, 2014 మే 25న, నిజామాబాద్ ప్రాంతంలోని పాకాల నుంచి వచ్చిన వ్యవసాయ కూలీల బిడ్డ మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకుండానే అదే శిఖరం మీద నిలబడింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. మనం ఎవరెస్టు ఎక్కక్కర్లేదు. కానీ "మనవల్ల కాదులే" అనే మాట నోట్లోకి వచ్చినప్పుడు ఆ పిల్లను ఒకసారి తలుచుకోవచ్చు.

బట్టల విషయంలో ఒదుగుగా ఉంటే చాలు. కొండమీద అబాయా పాదాలకు అడ్డం పడుతుంది. వదులు ప్యాంటు, మోకాళ్ల దాకా వచ్చే పొడుగు చేతుల కుర్తీ, తలకు స్కార్ఫో టోపీయో సరిపోతాయి. ఊళ్ల మీదుగా వెళ్లేటప్పుడు అబాయా బండిలో అందుబాటులో ఉంచుకోండి. చున్నీ మాత్రం వద్దు, ప్రతి ముళ్లపొదా దాన్నే పట్టుకుంటుంది.

ఎవరూ పైకి అడగని ప్రశ్న

మనవాళ్లు నడకకు రాకపోవడానికి చెప్పే కారణాలు పిల్లలు, పని, మోకాళ్లు. చెప్పని కారణం బాత్రూం. కొండల్లో బాత్రూంలు ఉండవు. అందుకని పొద్దుటినుంచీ నీళ్లు తాగకుండా నడుస్తారు. మధ్యాహ్నానికి తలనొప్పి, కాళ్లు పట్టేయడం, ఆపైన వారం రోజులు యూరిన్ ఇన్ఫెక్షన్. చలిలో దాహం వేయదు కాబట్టి ఒంట్లో నీరు తగ్గుతున్నట్టు తెలియను కూడా తెలియదు.

దీనికి పరిష్కారం సిగ్గుపడకుండా ఏర్పాటు చేసుకోవడమే. ముగ్గురు నలుగురు ఆడవాళ్లుంటే ఇద్దరు దుప్పటి పట్టుకుంటే చాటు అయిపోతుంది. నీటిధారకు అరవై డెబ్బై అడుగులు వేసి దూరంగా వెళ్లాలి. చిన్న గరిటెలాంటి పార ఒకటి, టిష్యూలు, వాడినవి వేసుకోవడానికి జిప్ కవర్లు, శానిటైజర్, ఆ రోజులకు దగ్గర్లో ఉంటే కావలసినవి రెట్టింపు. ఇవన్నీ ఒక సంచిలో పెట్టి 'ఆడవాళ్ల సంచి' అని ఒకరికి అప్పజెప్పండి. బృందంలో పెద్దావిడ ఈ మాట ముందే బయటపెడితే కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయి కూడా హాయిగా నీళ్లు తాగుతుంది.

మనిషికి కనీసం మూడు లీటర్ల నీళ్లు. చీలమండ కదలకుండా పట్టి ఉంచే బూట్లు, బజారు చెప్పులు కాదు. ఎక్కేటప్పుడు ఊపిరి, దిగేటప్పుడు మోకాళ్లు పరీక్ష పెడతాయి కాబట్టి చేతికర్ర ఉంటే మంచిది. పగలు తీరంలో ఇరవై డిగ్రీల పైన ఉంటుంది, కొండల్లో రాత్రి సున్నా దగ్గరికి కూడా పోవచ్చు. ఒక్క లావు స్వెట్టరు కన్నా రెండు మూడు పొరలు నయం. తిండి సంగతి మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పులిహోర రోజంతా నిలుస్తుంది, చపాతీల్లో నువ్వులపొడి, జంతికలు, వేరుశనగ ఉండలు, బఖాలాలో కొన్న ఖర్జూరాలు. పెరుగన్నం మాత్రం ఇంటికొచ్చాకే.

ఇంకో మాట. ఇంత ఎండ ఉన్న దేశంలో ఉంటూ విటమిన్ డి మాత్రలు మింగని మన ఇల్లు ఏది? కారు, లిఫ్టు, ఫ్లాటు మధ్య బతికే ఒంటికి ఎండ తగిలేది ఎప్పుడు? ఈ నాలుగు నెలల ఎండ వేసవి ఎండంత తీవ్రంగా ఉండదు. దాన్ని కూడా కిటికీ అద్దంలోంచే చూస్తే ఎలా?

వాదీ అంటే వాగు

ఈ భాగం మటుకు తప్పకుండా చదవండి. అరబ్బీ వాదీకీ మన వాగుకూ చుట్టరికం ఉందో లేదో పండితులు తేల్చాలి, స్వభావం మాత్రం ఒక్కటే. ఎండిపోయి ఉన్నప్పుడు దారిలా కనిపిస్తుంది. కానీ అది నీటి దారి. సౌదీలో ఏడాదికి కురిసే కాస్త వాన ఈ పడమటి కొండల్లో ఎక్కువగా చలికాలంలోనే, అంటే మనం నడిచే నెలల్లోనే పడుతుంది. గ్రానైటు నీటిని పీల్చుకోదు. ఇరవై కిలోమీటర్ల అవతల ఎక్కడో కురిసిన వాన, మన నెత్తిన ఆకాశం నీలంగా ఉండగానే, ఇరుకు లోయలోకి గోడలా వచ్చిపడుతుంది. 2009 నవంబరు 25న జెద్దా నగరంలోనే వాదీలు పొంగి వందమందికి పైగా చనిపోయారు. నగరంలోనే అలా జరిగితే కొండ లోయలో పరిగెత్తడానికి చోటేదీ?

కాబట్టి వాతావరణ కేంద్రం తబూక్ ప్రాంతానికి వాన హెచ్చరిక ఇచ్చిందంటే ఆ వారం ప్రయాణం రద్దు. టిక్కెట్టు డబ్బులు పోతే పోనీయండి. లోయ అడుగున డేరా వేయకండి, ఎండిన ఇసుక ఎంత మెత్తగా ఉన్నా సరే. ధార ఒక్కసారిగా బురదరంగుకి మారినా, పుల్లలు కొట్టుకొచ్చినా, ఎగువ నుంచి హోరు వినిపించినా సామాన్లు వదిలేసి పక్క గట్టు ఎక్కండి. పొంగుతున్న వాదీని కారుతో దాటడం ఇక్కడ జరిమానా పడే నేరం. దానికి ముందు అది ప్రాణం తీసే పని.

డిసెంబరులో ఐదున్నర దాటేసరికి పొద్దు గూకుతుంది, లోయల్లో ఇంకా ముందే చీకటి. ఎంత దూరం వెళ్లామన్నది కాదు, ఎన్నింటికి వెనక్కి తిరుగుతామన్నది పొద్దున్నే తేల్చుకోండి. మధ్యాహ్నం ఒంటిగంట అనుకుంటే ఒంటిగంటే. "ఆ మలుపు చూసి వచ్చేద్దాం" అనే మగవాళ్లు ప్రతి బృందంలో ఒకరుంటారు, వాళ్ల మాట వినకండి. ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి మ్యాపు ముందే దించుకోవాలి. ఏ లోయ, ఎన్నింటికి వస్తాం, రాకపోతే ఎవరికి చెప్పాలి అన్నది ఇంట్లో ఉన్న ఒకరికి రాసి పంపాలి. రెడ్ క్రెసెంట్ అంబులెన్సు 997, సివిల్ డిఫెన్సు 998. బూట్లు తొడుక్కునే ముందు తేళ్ల కోసం దులపండి. చౌకీలను, సైనికులను ఫోటో తీయకండి. అనుమతి లేకుండా డ్రోన్ అసలు వద్దు.

మేకలకాపరికి ఏం పెట్టాలి?

ఈ నిర్జన ప్రదేశం పూర్తిగా నిర్జనం కాదు. మేకల మందలుంటాయి, ఒంటెలుంటాయి, వాటి వెనక ఒక మనిషి ఉంటాడు. సుడానీయో, పాకిస్తానీయో, బంగ్లాదేశీయో కావచ్చు, కరీంనగరో కడపో కూడా కావచ్చు. డ్రైవరు పనని చెప్పి తెచ్చి మేకల దగ్గర వదిలేస్తే ఏళ్లతరబడి ఎడారిలో ఉండిపోయిన మనవాళ్ల కథలు తెలుగు పత్రికల్లో ఎన్నోసార్లు చదివాం. మలయాళంలో బెన్యామిన్ రాసిన 'ఆడుజీవితం' 2008లో వచ్చింది. 2024లో సినిమా అయి తెలుగులోనూ మన ముందుకొచ్చింది. ఆ సినిమాలోని ఎడారి చాలామటుకు జోర్డాన్‌లోని వాదీ రమ్. అది ఈ తబూక్ కొండలకు సరిహద్దు అవతలే. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి ఇళ్లపనికి వచ్చిన ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామందికి వారాంతం అనేదే ఉండదు.

మనకు విహారమైన చోటు ఇంకొకరికి కూలి చోటు. ఈ ఎరుక మన ఆనందాన్ని పాడుచేయక్కర్లేదు. దాంతో చేయగలిగే పనులు కొన్ని ఉన్నాయి. దారిలో కాపరి కనబడితే సలాం చెప్పి, నీళ్లూ తిండీ పంచండి. మన భాష మాట్లాడితే ఎలా ఉన్నావు తమ్ముడూ అని అడగండి. ఇంటికి మాట్లాడి ఎన్నాళ్లయిందో, జీతం అందుతోందో, ఇకామా ఎవరి దగ్గరుందో మాటల్లోనే తెలుస్తుంది. ఆపదలో ఉన్నాడనిపిస్తే అక్కడికక్కడ యజమానితో గొడవకు దిగకండి, అతని మెడకే చుట్టుకుంటుంది. పేరు, ఊరు, చోటు గుర్తుపెట్టుకుని జెద్దాలోని భారత కాన్సులేటుకు గానీ రియాద్‌లోని రాయబార కార్యాలయానికి గానీ తెలియజేయండి. ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం సాయం కాదు.

మారిపోతున్న ఒడ్డు

2017లో నియోమ్ ప్రకటన వచ్చినప్పటి నుంచి ఈ తీరం ముఖం మారుతోంది. శతాబ్దాలుగా ఇక్కడున్న హువైతాత్ తెగవారి ఊళ్లు కొన్ని ఖాళీ అయ్యాయి. వెడల్పాటి రోడ్లు, కంచెలు, క్రేన్లు వచ్చాయి. పోలవరం, శ్రీశైలం ముంపు ఊళ్ల కథలు తెలిసిన మనకు ఇందులో లాభమేమిటో నష్టమేమిటో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. రాబోయే కాలంలో ఇక్కడ మంచి హోటళ్లు, శుభ్రమైన కాలిబాటలు, బాత్రూంలు కూడా రావచ్చు. అప్పుడు ఇది మన జీతాలకు అందుతుందా అన్నది వేరే ప్రశ్న.

అందుకే మనం వదిలే గుర్తులు తక్కువగా ఉండాలి. ఈ కొండల్లో నూబియన్ ఐబెక్స్ అనే పెద్దకొమ్ముల అడవిమేక బతుకుతోంది. ఒడ్డు పక్కనే పగడాలున్నాయి. లోయలో ఖర్జూరాలు ఆ ఒక్క ధార మీదే ఆధారపడ్డాయి. అందులో సబ్బు కలపకండి, పాత్రలు కడగకండి. చిప్స్ కవర్లూ ప్లాస్టిక్ ప్లేట్లూ తిరిగి సంచిలోకే. పగడాల మీద కాలు పెట్టకండి, ముక్క విరిచి పిల్లలకివ్వకండి. సంక్రాంతి సరిగ్గా ఈ రోజుల్లోనే వస్తుంది కాబట్టి భోగి మంట సరదా కలగడం సహజం. ఇక్కడ చెట్టు నరకడం నేరం. చాలా నెమ్మదిగా ఎదిగే తుమ్మపొదను అరగంట మంటకు బలిచేయొద్దు. చలికాచుకోవాలంటే ఊళ్లో కొన్న బొగ్గుతో, నేలకు తగలని కుంపటి చాలు.

మొదలుపెట్టడానికి తబూక్ దాకా వెళ్లక్కర్లేదు. అక్టోబరు నుంచి వారానికి మూడు రోజులు కార్నిష్ మీదో పార్కులోనో గంటసేపు నడవండి. లిఫ్టు మానేసి నాలుగంతస్తులు ఎక్కండి, అంతకన్నా ముఖ్యంగా దిగండి. కొత్త బూట్లు ఇంట్లోనే అరగదీయండి, కొండమీద కాదు. వాట్సాప్‌లో వంటలు పంచుకునే గుంపులోనే నడకకు వచ్చేదెవరని అడగండి. ఐదుగురు చాలు. ఫిబ్రవరి 22న దేశ సంస్థాపన దినానికి సెలవు ఉంటుంది. ఏ ఏడాదైనా అది శుక్ర, శనివారాల పక్కన పడితే మూడు రోజులు చేతికి చిక్కుతాయి. దీసా లోయకు అది సరిపోతుంది. పిల్లల పరీక్షలు మార్చిలో, ఎండలు ఏప్రిల్‌లో. అందుకని గది బుకింగు డిసెంబరులోనే చేసేసుకోండి.